తడి లేని రంగు

తిరుపతిలో స్టీలు బీరువా కొన్నా, చిత్తూరులో కిటికీ గ్రిల్ చేయించినా, పౌడర్ కోటింగ్ వేశారా అని అడగడం ఇప్పుడు మామూలైపోయింది. శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ సంస్థలు ఏసీలు తయారుచేస్తున్నాయి. గోడ బయట ఎండకూ వానకూ ఓర్చుకునే ఏసీ యూనిట్ రేకుకు సాధారణంగా ఉండేదీ ఈ పూతే. ఇంత పెద్ద ఫ్యాక్టరీ విద్య ఇప్పుడు ఇంటి వెనక షెడ్డులో, పాత గాలం రీలు మీద కూడా పనిచేస్తోంది.

దీని పుట్టిల్లు జర్మనీ. 1950ల మొదట్లో క్నాప్సాక్-గ్రీస్‌హైమ్ సంస్థలో పనిచేసే ఎర్విన్ గెమ్మర్ లోహానికి ప్లాస్టిక్ పూత వేసే దారి వెతుకుతున్నాడు. మంటలోంచి పొడిని చిమ్మితే చాలా భాగం వృథా అయ్యేది. ఆయన ఒక తొట్టికి సన్నటి రంధ్రాల అడుగు పెట్టి, కింది నుంచి గాలి పంపాడు. పొడి ఎసరులా తెర్లింది. వేడి చేసిన లోహాన్ని అందులో ముంచి తీస్తే, తగిలిన పొడి తగిలినట్టే కరిగి అంటుకుంది. 1953లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అయితే పూత మందంగా వచ్చేది. కరెంటు పరికరాలకు, పైపులకు అది సరిపోయింది గానీ, సన్నటి నునుపైన పని దానివల్ల కాలేదు.

ఆ కొరత 1960లలో విద్యుత్ తీర్చింది. పొడిని చిమ్మే గన్ మొనలో వేల వోల్టుల ఒత్తిడి ఉంటుంది, దాని మీదుగా వెళ్లే పొడి రేణువుకు విద్యుదావేశం అంటుతుంది. ఎర్త్ చేసిన లోహం ఆ రేణువును లాక్కుంటుంది. గురి కాస్త తప్పిన పొడి కూడా వెనక్కి తిరిగి వస్తువు వీపుకు అంటుకుంటుంది. తర్వాత ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల వేడిలో పొడి కరిగి పరుచుకుంటుంది. అందులోని రెజిన్, హార్డెనర్ అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. ఒకసారి అల్లుకున్నాక మళ్లీ వేడిచేసినా పూత కరగదు.

ఇందులో థిన్నర్ లేదు, కాబట్టి పనివాడి ఊపిరితిత్తుల్లోకి పోయే ఆ ఆవిరీ లేదు. కింద రాలిన పొడిని జల్లించి మళ్లీ వాడుకోవచ్చు. రంగుల ద్రావకాల మీద లాస్ ఏంజిలిస్ 1966లో ఆంక్షలు పెట్టింది. అలాంటి చట్టాలు వచ్చేకొద్దీ ఫ్యాక్టరీలు ఈ పొడివైపు తిరిగాయి.

ఇక రీలు సంగతి. తడ, సూళ్లూరుపేట దగ్గరి పులికాట్ లాంటి ఉప్పునీటి చోట వాడిన రీలుకు, పెయింట్ చిన్న గీత పడ్డా చాలు, కింద అల్యూమినియం తెల్లగా పూస్తుంది. ఆ తెల్లటి తుప్పును, పాత రంగును, గ్రీజును పూర్తిగా వదిలించాకే కొత్త పొడి పట్టుకుంటుంది. బేరింగులు, ప్లాస్టిక్, రబ్బరు భాగాలన్నీ ముందే విప్పేయాలి, అవి ఓవెన్‌లో బతకవు.

రీలులో దారం చుట్టుకునే స్పూల్‌ను దగ్గరగా చూడండి. పూత మందం సుమారు 70 మైక్రాన్లు. స్పూల్ మధ్య రంధ్రంలోకి అది పడితే రెండు పక్కలా కలిపి 140 మైక్రాన్లు, అంటే 0.14 మిల్లీమీటరు ఇరుకవుతుంది. ఇరుసు ఇక దూరదు. అందుకే రంధ్రాలకు సిలికాన్ బిరడాలు, మరలకు వేడికి తట్టుకునే టేపు వేస్తారు. లోతైన మూలల్లో ఇంకో చిక్కు ఉంది. విద్యుత్ క్షేత్రం అంచుల దగ్గర చిక్కబడి, మూలల్లోకి చేరదు. పొడి అంచులకే పోతుంది. వోల్టేజి తగ్గించి, మూలలకు ముందుగా కొడితే పని జరుగుతుంది.

పోత పోసిన భాగాల్లో గాలి బుడగలు దాగి ఉంటాయి. వేడికి అవి ఉబ్బి పూతను పొక్కిస్తాయి. కాబట్టి ఆ భాగాన్ని ముందు ఉత్తగానే ఓవెన్‌లో కాచి, చల్లార్చి, తర్వాత పొడి కొట్టాలి. టైము లెక్క ఓవెన్ వేడెక్కినప్పటి నుంచి కాదు, లోహం ఆ వేడికి చేరినప్పటి నుంచి. పొడిలోనూ ఎంపిక ఉంది. ఎపాక్సీ మన ఎండకు వెలిసిపోతుంది, ఆరుబయట వాడే రీలుకు పాలియెస్టరే తగినది.

జాగ్రత్తలు తప్పనిసరి. గాలిలో దట్టంగా లేచిన పొడికి నిప్పురవ్వ తగిలితే పేలుతుంది, దగ్గర్లో స్టవ్వు మంట ఉండకూడదు. ఎర్తింగ్ సరిగా ఉండాలి, మాస్క్ తీయకూడదు. పాత రంగులో సీసం ఉండవచ్చు, దాన్ని పొడిగా రుద్దకూడదు. ఈ పనికి వాడిన ఓవెన్‌లో మళ్లీ వంట చేయనే కూడదు.

గన్, ఓవెన్ కొనలేనివాళ్లు విప్పడం, కడగడం, బిరడాలు పెట్టడం ఇంట్లో చేసుకుని, గ్రిల్స్‌కు పూత వేసే షాపులో ఆ రోజు నడుస్తున్న రంగుతోపాటు తమ భాగాన్నీ కొట్టించమని అడగవచ్చు. గెమ్మర్ దారి రంగులోంచి తడిని తీసేసింది గానీ, లోహాన్ని శుభ్రం చేసే శ్రమను తీసేయలేదు. పూత ఎన్నేళ్లు నిలుస్తుందన్నది ఇప్పటికీ ఆ శ్రమ మీదే ఉంది. ఆ శ్రమకు వెనకాడకపోతే, మూలన పడేసిన రీలును మళ్లీ వాడుకోవచ్చు.