పులుసు లేని కోడి వేపుడు

ఇంట్లో కోడికూర వండిన రోజు అన్నం గిన్నె తొందరగా ఖాళీ అవుతుంది. పులుసు బాగుందని ఇంకో రెండు ముద్దలు కలుపుకుంటాం. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు అక్కడే చిక్కు.

"షుగరు వచ్చింది, ఇక కోడికూర మానెయ్యాలి" అని చాలామంది అనుకుంటారు. అలా మానక్కర లేదు. కోడి మాంసంలో పిండి పదార్థం దాదాపు ఉండదు. అన్నంలో ఉంటుంది. వండిన అన్నం 100 గ్రాములు తింటే అందులో సుమారు 28 గ్రాములు పిండి పదార్థమే. అది కడుపులో చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. కాబట్టి ముక్క మానొద్దు. ముద్ద తగ్గించాలి.

పులుసు లేకుండా వండితే ముద్ద దానంతట అదే తగ్గుతుంది. ఈ వేపుడు అరగంట పని.

నలుగురికి అరకిలో కోడి మాంసం చాలు. తోలు, ఎముక తీయించండి. ఉసిరికాయంత ముక్కలు కోయండి. కడిగేటప్పుడు నీళ్లు చుట్టూ చిందకూడదు. మాంసం కోసిన కత్తిపీటను సబ్బుతో కడిగాకే కూరలు తరగాలి. ముక్కలకు ఉప్పు, పసుపు, కారం, ఒక చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించండి.

వెడల్పాటి ఇనప మూకుడు పొయ్యి మీద పెట్టి బాగా కాగనివ్వండి. రెండు చెంచాల నూనె వేయండి. ముక్కలను ఒక్క వరసలో పరవండి. అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే నీరు ఊరుతుంది. అప్పుడు ముక్క వేగదు, ఉడుకుతుంది. చోటు చాలకపోతే రెండు విడతలుగా వేయించండి. మూత పెట్టొద్దు. ఒక పక్క ఎర్రబడ్డాకే తిప్పండి. ఊరికే కలుపుతూ ఉండకండి.

పది పన్నెండు నిమిషాలయ్యాక పెద్ద ముక్క ఒకటి తుంచి చూడండి. లోపల గులాబి రంగు ఉంటే ఇంకా వేగాలి. తర్వాత కరివేపాకు, పచ్చిమిర్చి, రెండు గుప్పెళ్ల క్యాబేజీ తరుగు వేసి మూడు నిమిషాలు కలపండి. మిరియాల పొడి చల్లి దించండి. నిమ్మరసం వేరే గిన్నెలోకి తీశాకే పిండాలి. ఇనప మూకుడులో పిండితే రంగు, రుచి మారతాయి.

బంగాళాదుంప ఇందులో వేయకండి. అదీ పిండి పదార్థమే. చాలా హోటళ్లలో చికెన్ 65కు మైదా, మొక్కజొన్న పిండి పట్టిస్తారు. పేరుకే వేపుడు, పైనంతా పిండి!

వడ్డించే ముందే నాలుగు వాటాలు వేయండి. వండినామె వాటా కూడా అందులో ఉండాలి. అందరూ తిన్నాక అడుగు ఊడ్చుకోవడం మన ఇళ్లలో అలవాటు. ఒంట్లో బలానికి మాంసకృత్తులు ఆమెకూ కావాలి కదా!

ఒక్క జాగ్రత్త. షుగరు బిళ్లలు, ఇన్సులిన్ వాడేవాళ్లు అన్నం ఒక్కసారిగా తగ్గించకూడదు. డాక్టరును అడిగి తగ్గించాలి. లేకపోతే రక్తంలో చక్కెర బాగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. తెలివి తప్పినవాళ్ల నోట్లో మాత్రం ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాంసం ఎంత తినాలో కూడా డాక్టరునే అడగాలి.