తిన్నని తూటా, తేలిక తుపాకీ, కోస్గి చేలు

తిన్నగా పోయే తూటా ఏ తుపాకీలోనూ లేదు. బ్యారెల్ దాటిన క్షణం నుంచే తూటా చేతిలోంచి జారిన గులకరాయిలా కిందికి పడుతూనే ఉంటుంది. వేగం పెంచితే పడే వ్యవధి తగ్గుతుంది, అంతే. 1886లో ఫ్రాన్స్ లెబెల్ రైఫిల్‌తో పొగరాని మందు వచ్చింది. 1898లో అదే రైఫిల్‌కు మొన తేలిన తూటా అమర్చారు. ఆ బాటలోనే 1925లో వించెస్టర్ .270 కాలిబర్ పుట్టింది. దాని ఎనిమిదిన్నర గ్రాముల తూటా సెకనుకు 900 మీటర్లకు మించి బయలుదేరి, పావు సెకనులోపే 200 మీటర్లు దాటుతుంది. ఆలోపు పడేది దాదాపు పావు మీటరే.

కొండలెక్కే వేటగాళ్లకు ఈ వేగంతోపాటు తక్కువ బరువూ కావాల్సొచ్చింది. 1980లలో అమెరికాలో మెల్విన్ ఫోర్బ్స్ చెక్కకు బదులు కెవ్లార్, గ్రాఫైట్‌తో స్టాక్ చేసి, రైఫిల్‌ను రెండుంబావు కిలోల దగ్గరికి దించాడు. గొప్ప పనితనమే. కానీ భౌతికశాస్త్రం బాకీ వసూలు చేసుకుంటుంది. అదే తూటాను నాలుగు కిలోల రైఫిల్‌తో పేల్చినప్పటికంటే, ఇందులో వెనక్కి తన్నే శక్తి సుమారు 1.8 రెట్లు. భుజం బెదిరితే గురి చెదురుతుంది. రోజంతా మోసి ఒక్కసారి పేల్చేవాడికి ఆ బేరం గిట్టుబాటే; తెలంగాణలోని కోస్గి చేలల్లో గిట్టదు.

అడవి పందులు కంది, జొన్న, వేరుశనగ పాడుచేస్తున్నప్పుడు దూరం నుంచే కచ్చితంగా కొట్టే రైఫిల్ మంచిది కాదా అని అడగవచ్చు. రైతు నష్టం నిజమైనదే, ప్రశ్న న్యాయమైనదే. అయితే మనిషెత్తు కందిచేలో, అదీ రాత్రిపూట, 200 మీటర్ల అవతల కనిపించేదేమిటి? పంది వచ్చేది దగ్గరికే. గురి తప్పిన తూటా మాత్రం బ్యారెల్ కాస్త పైకి లేచి ఉంటే మూడు కిలోమీటర్లు దాటగలదు. ఆ మేరలో ఊళ్లుంటాయి, చేలకు కాపలా ఉన్న మనుషులుంటారు. మంచె మీది నుంచి కిందికి పేలిస్తే తూటాను నేలే ఆపుతుంది. అక్కడ కావలసింది బరువైన, నిలకడైన తుపాకీ, తర్ఫీదు పొందిన చేయి. అదీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అధికారి రాతపూర్వక అనుమతి ఉన్నప్పుడే. పంట మేసే కృష్ణజింక విషయం వేరు: అది అదే చట్టం మొదటి షెడ్యూల్‌లోని జంతువు. పంట మేసిందన్న కారణంతో దాన్ని కాల్చడానికి ఆ చట్టంలో తావే లేదు.