మూడు నుంచి నాలుగుకి వెళ్ళే దారిలో సున్నా

మా అమ్మాయి స్కూల్లో సైన్స్ ఫెయిర్‌కి అంకెలు లెక్కపెట్టే సర్క్యూట్ చేద్దామంది. రోజంతా సాఫ్ట్‌వేర్‌తోనే గడిపే నేను కాలేజీ వదిలాక బ్రెడ్‌బోర్డు ముట్టుకోవడం అదే మొదటిసారి. అందులో నేను చేసిన పొరపాటు మీ పిల్లలకి పనికొస్తుందని ఈ వారం దాని గురించే చెబుతాను.

మేం వాడింది 74ఎల్ఎస్93 అనే చిప్. దానికి 14 పిన్నులు, లోపల నాలుగు ఫ్లిప్-ఫ్లాప్‌లు. ఫ్లిప్-ఫ్లాప్ అంటే 0 గానీ 1 గానీ గుర్తుపెట్టుకునే చిన్న గది అనుకోండి. కారులో మైళ్ళ మీటరు చూడండి. ఒకట్ల చక్రం 9 దాటి 0కి వస్తేనే పదుల చక్రం కదులుతుంది. ఇక్కడా అంతే, ఒక గది 1 నుంచి 0కి పడితేనే పక్క గది మారుతుంది. అన్నిటికీ కలిపి ఒకే క్లాక్ ఉండదు కాబట్టే దీన్ని ఎసింక్రనస్ కౌంటర్ అంటారు.

వైరింగ్ తేలికే. 5వ పిన్నుకి 5 వోల్టులు, 10వ పిన్ను గ్రౌండు. 2, 3 పిన్నులు కూడా గ్రౌండుకే. 12ని 1కి కలపాలి. 14వ పిన్నుకి పల్సులిస్తే 12, 9, 8, 11 పిన్నుల మీద 0 నుంచి 15 దాకా లెక్క కనిపిస్తుంది. పల్సులకి 555 టైమర్ వాడండి. మామూలు బటన్ పెడితే లోపలి రేకు అదిరి, ఒక్క నొక్కుకే రెండు మూడు లెక్కపెడుతుంది.

ఇక నా పొరపాటు. 16 పూర్తయినప్పుడల్లా రెండో చిప్ ఒకటి లెక్కపెట్టాలి. "నాలుగు గదులూ సున్నా అయితే" అని కనిపెట్టే గేట్లు పెట్టి, రెండో చిప్‌కి కలిపాను. ప్రోగ్రామ్‌లో అయితే అలాగే రాస్తాం కదా! మొదటి చిప్ దీపాలు సరిగ్గానే వెలిగాయి గానీ, రెండోది ఎక్కువ లెక్కపెట్టేసింది. "నాన్నా, దీనికి లెక్కలు రావు" అంది మా అమ్మాయి.

కాగితం మీద రాసి చూశాం. మూడంటే 0011, నాలుగంటే 0100. కుడివైపు మొదటి గది ముందు పడుతుంది, అప్పుడు 0010, అంటే రెండు. దాంతో రెండో గది పడుతుంది, 0000. ఆ తర్వాతే మూడో గది లేచి 0100 అవుతుంది. మూడు, రెండు, సున్నా, నాలుగు! ఒక్కో మెట్టుకి పది ఇరవై నానోసెకన్లే. మన కంటికి ఆనదు గానీ గేటుకి ఆనుతుంది. ఒకటి నుంచి రెండుకీ, ఏడు నుంచి ఎనిమిదికీ వెళ్ళేటప్పుడు కూడా ఇదే వరస. ఒక చుట్టులో అసలు సున్నా ఒకటైతే దొంగ సున్నాలు మూడు.

మందు చాలా చిన్నది. గేట్లు పీకేసి, మొదటి చిప్ 11వ పిన్నుని నేరుగా రెండో చిప్ 14కి కలిపాం. ఆ పిన్ను చుట్టుకి ఒక్కసారే, 15 నుంచి 0కి వచ్చేటప్పుడే పడుతుంది. పదుల్లో లెక్క కావాలంటే 2, 3 పిన్నుల్ని గ్రౌండు నుంచి తీసి 9కి, 11కి కలపండి. పది రాగానే సున్నా అవుతుంది.

సైన్స్ ఫెయిర్ చార్టు మీద మా అమ్మాయి అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో రాసింది ఇదే: 3, 2, 0, 4. చూసినవాళ్ళందరూ ఇదేమిటని అడిగారు. తను చెప్పగలిగింది.