నాలుగు గవ్వలు, ఒక చాప: అందరూ కూర్చుని ఆడుకునే ఆటలు

హాస్టల్ వార్షికోత్సవం అనగానే మనకు గుర్తొచ్చేవి స్టేజీ, మైకు, డ్యాన్సులు, బహుమతులు, చివర్లో భోజనాలు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంక్షేమ హాస్టళ్లలో చదివి ఎక్కడెక్కడో స్థిరపడిన అన్నలు, అక్కలు ఆ రోజు పిల్లలను తీసుకుని వస్తారు. ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం తల్లిదండ్రులు పొద్దున్నే బస్సెక్కి వస్తారు. కానీ స్టేజీ మీద పది మంది ఉంటే కింద మూడు వందల మంది ఊరికే కూర్చుంటారు. పక్కన కూర్చున్న మనిషి ఎవరో తెలుసుకోకుండానే సాయంత్రం ఎవరి దారిన వారు వెళ్ళిపోతారు. ఆ మూడు వందల మందినీ కలిపే ఆటల గురించి నాకు తెలిసినంతలో చెప్పాలనే ఈ వ్యాసం.

ముందుగా నా అనుభవం ఒకటి. నేను ఆరో తరగతిలో హాస్టల్లో చేరాను. మా అమ్మ సాగర్ ఎడమ కాలువ కింద నాట్లకు, కలుపులకు వెళ్లే కూలీ. చదువు లేదు. ఆ యేడు హాస్టల్ డేకు వచ్చి వెనక వరుసలో కొంగు భుజాల నిండా కప్పుకుని కూర్చుంది. ఎవరు పలకరించినా తల ఊపడమే. మధ్యాహ్నం వాన మొదలై కార్యక్రమం ఆగిపోయింది. అందరం డార్మిటరీలోకి చేరాం. ఎవరో సుద్దముక్కతో నేల మీద అష్టాచెమ్మ గీశారు. ఆడేవాళ్లు ముగ్గురే ఉన్నారు, నాలుగో మనిషి కావాలి. నేనే అమ్మను కూర్చోబెట్టాను. రెండు పందేలు తిరిగేసరికి అమ్మ గొంతు పెరిగింది. "బిడ్డా, ఆ కాయ కదిలియ్యకు. ఎనుక ఆమె ఎనిమిదేస్తే నీది సస్తది" అని నా స్నేహితురాలికి చెబుతుంటే నేను చూస్తుండిపోయాను. గళ్లు వేలితో లెక్కపెట్టకుండా కంటిచూపుతోనే లెక్క తేల్చేది. చుట్టూ పదిహేను మంది పిల్లలు చేరారు. ఆ రోజు మా హాస్టల్లో అందరికంటే పెద్ద టీచరు మా అమ్మే. ఎమ్మెస్సీ గణితం చదివిన నాకు ఇప్పటికీ ఆమెను ఆ ఆటలో ఓడించడం కష్టమే.

1. అష్టాచెమ్మ

కావలసినవి నాలుగు గవ్వలు, ఒక సుద్దముక్క, ఒక్కొక్కరికి నాలుగు కాయలు. కాయలుగా చింతగింజలు, గాజుముక్కలు, గులకరాళ్లు, చొక్కా గుండీలు ఏవైనా సరే, ఎవరివి వారికి వేరుగా కనబడితే చాలు. గవ్వలు దొరకకపోతే చింతగింజలను బండ మీద రుద్ది ఒకవైపు తెల్లగా చేసుకోవచ్చు. మా అమ్మవాళ్లు అలాగే ఆడుకున్నారు.

అడ్డం ఐదు, నిలువు ఐదు, మొత్తం ఇరవై ఐదు గళ్లు గీయాలి. నాలుగు వైపులా నడిమి గడిలో, మధ్య గడిలో అడ్డగీతలు కొట్టాలి. వైపుకు ఒకటి చొప్పున ఉన్న నాలుగు గళ్లూ నలుగురి ఇళ్లు. ఆ గళ్లలో ఉన్న కాయను ఎవరూ చంపలేరు. నోరు పైకి పడ్డ గవ్వలను లెక్కించాలి. ఒకటి పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు. నాలుగూ నోరు తెరిస్తే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. అష్ట, చెమ్మ పడినప్పుడు మళ్లీ వేసే అవకాశం ఉంటుంది. కాయ బయటి పదహారు గళ్లను ఒక వైపుగా చుట్టి, లోపలి ఎనిమిది గళ్లను దానికి ఎదురు దిశలో తిరిగి, మధ్య గడికి చేరితే పండినట్టు. దారిలో మరొకరి కాయ ఉన్న గడిలో మనది పడితే ఆ కాయ చచ్చి మళ్లీ ఇంటి నుంచి మొదలుపెట్టాలి. చంపినవారికి ఇంకో పందెం. ఒక్క కాయనైనా చంపనిదే లోపలి చుట్టులోకి వెళ్లనివ్వకపోవడం చాలా ఇళ్లలో ఉన్న నియమం. ఊరికో పద్ధతి ఉంటుంది కాబట్టి ఆట మొదలుకాకముందే నియమాలు అందరూ ఒప్పుకోవాలి. సగం తగాదాలు అక్కడే తీరిపోతాయి.

తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. సంభావ్యత పాఠం ఈ ఆటలోనే ఉంది. గవ్వ రెండువైపులా సమానంగా పడుతుందనుకుంటే నాలుగు గవ్వలు పడే తీరులు 16. అందులో రెండు పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, చెమ్మ 1, అష్ట 1. అంటే మన కాయకు రెండు గళ్ల వెనకే శత్రువు కాయ ఉంటే ప్రమాదం ఎక్కువ, ఎనిమిది గళ్ల వెనక ఉంటే తక్కువ. అసలు గవ్వలు అంత సమానంగా పడవు. మీ దగ్గరున్న గవ్వలను వంద సార్లు వేసి, పట్టిక రాసి, ఈ లెక్కతో పోల్చి చూడండి. అంతకు మించిన ప్రాజెక్టు వర్కు ఉండదు.

ఈ రకం ఆటల్లో పెద్దక్క పచ్చీసు. పచ్చీసు అంటే ఇరవై ఐదు. ఫతేపూర్ సిక్రీలో అక్బరు కోటలో నేల మీద పరిచిన పచ్చీసు గళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఈ ఆటనే 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లాండులో సులువు చేసి లూడో అని అమ్మారు. మన వైకుంఠపాళి కూడా అలాగే సముద్రం దాటి "స్నేక్స్ అండ్ లాడర్స్"గా తిరిగి వచ్చింది. ఫోనులో లూడో ఆడుతున్న తమ్ముడు ఆడుతున్నది నిజానికి అమ్మమ్మ ఆటే.

2. పులి-మేక

ఇద్దరు ఆడితే పది మంది చూసి సలహాలిచ్చే ఆట ఇది. త్రికోణం లాంటి పటంలో గీతలు కలిసే చోట్లు 23 ఉంటాయి. పులులు మూడు, మేకలు పదిహేను. మేకలను ఒక్కొక్కటిగా పెడుతూ రావాలి. అన్నీ పెట్టాకే వాటిని కదపాలి. పక్కనున్న మేకకు సరిగ్గా అవతలి చోటు ఖాళీగా ఉంటే పులి దూకి ఆ మేకను తింటుంది. మూడు పులులకూ కదలడానికి చోటు లేకుండా చేస్తే మేకలు గెలిచినట్టు.

మేకల వైపు ఆడేవారికి కిటుకు ఏమిటంటే ముందు గీతల చివరి కొనల్లో మేకలను పెట్టాలి. కొన మీదున్న మేకకు అవతల చోటే లేదు కాబట్టి పులి దూకలేదు. తరువాత మేక వెనక మేకను ఆనించుకుంటూ రావాలి. ఒంటరిగా ముందుకొచ్చిన మేకే పులికి దొరుకుతుంది.

మా తాత ఈ ఆటను ఊళ్లో ఒక అరుగు కింద నిలబడి చూసి నేర్చుకున్నాడు. అరుగెక్కి ఆ పటం ముందు కూర్చునే వీలు ఆయనకు లేదు. చూసిన గీతలను మనసులో పెట్టుకుని ఇంటికొచ్చి నేల మీద బొగ్గుతో గీసుకుని, నాయనమ్మకు నేర్పి, ఆమెతోనే ఆడేవాడట. ఈ రోజు మన హాస్టల్ హాలులో ఒకే చాప మీద అందరం కూర్చుని ఆ ఆట ఆడుతున్నామంటే అది చిన్న విషయమని నేననుకోను.

3. వామనగుంతలు

రెండు వరుసల్లో ఏడేసి గుంతలు, మొత్తం 14. గుంతకు నాలుగో ఐదో చింతగింజలు. మన వైపు గుంతలోని గింజలన్నీ తీసి వరుసగా ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోగానే తరువాతి గుంతలోవి తీసి మళ్లీ వేయాలి. తరువాతి గుంత ఖాళీగా ఉంటే దాని అవతలి గుంతలోని గింజలు మనవి, అప్పుడు ఎదుటివారి వంతు. చెక్క పీట లేకపోతే కోడిగుడ్ల అట్ట కత్తిరించినా సరిపోతుంది. మన హాస్టల్ వంటగదిలో ఆ అట్టలకు కొదవ లేదు కదా. ఇదే కుటుంబానికి చెందిన ఆటలను ఆఫ్రికా దేశాల్లో మంకాలా పేరుతో ఆడతారు. ఒకటి రెండు తరగతుల పిల్లలకు కూడికలు, తీసివేతలు నేర్పడానికి దీనికంటే మంచి సాధనం లేదు.

4. హాలంతా ఆడే ఆటలు

పిల్లలు, పెద్దలు నలభై యాభై మంది ఉంటే ఇవి బాగుంటాయి.

చెవిలో మాట: ఇరవై మంది వరుసగా కూర్చోవాలి. మొదటివారు ఒక వాక్యాన్ని పక్కవారి చెవిలో ఒక్కసారే చెప్పాలి. అది చివరికి చేరేసరికి ఏమైందో పైకి చెప్పించాలి. పుకార్లు ఎలా పుడతాయో ఉపన్యాసం లేకుండానే తెలుస్తుంది.

రాజు, మంత్రి, పోలీసు, దొంగ: నాలుగు చీటీలు, నలుగురు మనుషులు. పోలీసు చీటీ వచ్చినవారు దొంగ ఎవరో చెప్పాలి. చెప్పగలిగితే వారి మార్కులు వారివే, తప్పితే ఆ మార్కులు దొంగకు పోతాయి. మేం రాజుకు 1000, మంత్రికి 800, పోలీసుకు 500 వేసుకునేవాళ్లం. చదవడం రాని పెద్దలు ఆడుతుంటే చీటీల మీద పేర్లకు బదులు కిరీటం, తలపాగా, లాఠీ, మూట బొమ్మలు వేయండి.

అంత్యాక్షరి: సినిమా పాటలే కాదు, జానపదాలు, నాట్ల పాటలు, పద్యాలు కూడా ఒప్పుకోండి. అప్పుడు అమ్మలు, అవ్వల జట్టు ఎంత బలమైనదో చూస్తారు. తెలుగులో ణ, ళ అక్షరాలతో మాటలు మొదలుకావు కాబట్టి వాటికి బదులు న, ల అనుకోవాలని ముందే చెప్పాలి.

నిర్వహించే వారికి కొన్ని సూచనలు

* చాపకు నలుగురు చొప్పున కూర్చోబెట్టండి. నలభై మందికి పది చాపలు చాలు. ప్రతి చాప మీదా ఒక విద్యార్థి, ఒక పూర్వ విద్యార్థి, ఒక తల్లి లేదా తండ్రి, ఒక చిన్నపిల్ల ఉండేట్టు చూడండి. ఒకే బ్యాచ్ వారు ఒకచోట చేరితే పాత కబుర్లే తప్ప పరిచయాలు పెరగవు.
* ఓడినవారు వెళ్లి మూల కూర్చునే ఆటలు తగ్గించండి. కుర్చీలాట పెట్టినా, కుర్చీ దొరకనివారికి చప్పట్లు, పాట ఆపే పని అప్పగించండి.
* హాస్టల్‌కు కొత్తగా వచ్చిన ఆరో తరగతి పిల్లలకు మొదటి పందెం ఇవ్వండి. ఇంటి మీద బెంగతో ఏడ్చే పిల్ల గవ్వలు చేతిలోకి తీసుకుంటే ఒక గంట మరిచిపోతుంది. నేను మరిచిపోయాను.
* పైసలు పెట్టి ఏ ఆటా వద్దు. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. ఆ ఉచ్చులో పడి కుటుంబాలు అప్పులపాలు కావడం మనందరం విన్నదే. పందెం అనే మాట మన ఆటల్లో గవ్వలు వేసే వంతుకే ఉండాలి.
* నియమాలు చెప్పే పని అమ్మలకు, అవ్వలకు ఇవ్వండి. ఇది అన్నిటికంటే ముఖ్యం.

ఎందుకంటే మిత్రులారా, మనలో చాలామంది ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్లం. మనం చదువుతున్నకొద్దీ అమ్మానాన్నలు మన ముందు మాట్లాడడం తగ్గిస్తారు. "నాకేం తెల్సు బిడ్డా, సదువుకున్నదానివి నువ్వే చెప్పు" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గుండెలో కలుక్కుమంటుంది. వాళ్లకు తెలిసినవి చాలా ఉన్నాయి, అడిగేవాళ్లే లేరు. చాప పరిచి, నాలుగు గవ్వలు వాళ్ల చేతిలో పెట్టి, "ఎట్లాడాలో చెప్పమ్మా" అని అడిగి చూడండి.

ఈ వార్షికోత్సవానికి మా అమ్మ వస్తోంది. గవ్వలు తనే తెస్తానంది. నాలుగో మనిషిగా ఎవరు కూర్చున్నా సరే, ఓడిపోవడానికి సిద్ధపడి రండి!

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ అక్క,
ఎమ్మెస్సీ (గణితం), పూర్వ విద్యార్థిని