మా హాల్లో రోలర్ కోస్టర్

"ఉల్టా అయినప్పుడు బండి ఎందుకు పడ్తలేదురా?"

హైదరాబాద్ వండర్‌లాలో రికాయిల్ దిగి, వణుకుతున్న కాళ్లతో బెంచీ దగ్గరికి వస్తే బాపు అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఆయన ఎక్కలేదు. రెండేళ్ల కిందట గుండెకి స్టెంట్ వేశారు. గుండె జబ్బున్నవాళ్లు ఎక్కొద్దన్న బోర్డు చదివి, మా బ్యాగులు పట్టుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసిన మనిషి. ఏ బండి కనపడినా కిందకి దూరి చూడాలి ఆయనకి. ఇక్కడేమో దూరం నుంచే సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

పట్టాల పైన, పక్కన, కింద మూడు రకాల చక్రాలు ఉంటాయని చెప్పా. ఆ కింది చక్రాలకి అమెరికాలో జాన్ మిల్లర్ అనే ఆయన 1919 లోనే పేటెంట్ తీసుకున్నాడని కూడా చెప్పా. బాపు విన్నాడు. "మాటలు గాదు, చేసి చూపెట్టు" అన్నాడు.

నాకు కోస్టర్ల పిచ్చి పాతదే. చిన్నప్పుడు రోలర్ కోస్టర్ టైకూన్ ఆడా, ఉద్యోగంలో చేరాక నోలిమిట్స్ సిమ్యులేటర్‌లో రాత్రుళ్లు ట్రాకులు గీశా. కానీ చేత్తో ఒక్కటీ చేయలేదు. లెగో 2022 లో తెచ్చిన లూప్ కోస్టర్ సెట్‌లో 3,756 ముక్కలు ఉంటాయి. ధర చూసి ట్యాబ్ మూసేశా. ఆరో డిజైనర్ రాన్ టూమర్ ఇనప హ్యాంగర్ల తీగ వంచి నమూనాలు చేసేవాడట. ఆయన పనిచేసిన కంపెనీ 1975 లో కాలిఫోర్నియాలో కార్క్‌స్క్రూ పెట్టింది. తమాషా ఏంటంటే ఆయనకి కళ్లు తిరిగే ఇబ్బంది, తన రైడ్లు తనే పెద్దగా ఎక్కేవాడు కాదు. ఇంకేం, అమ్మ బీరువాలో హ్యాంగర్లు మాయమయ్యాయి.

స్కేలు 64 లో ఒకటో వంతు అనుకున్నా. కారణం తర్వాత చెప్తా. రికాయిల్ బూమరాంగ్ రకం. ఆ డిజైన్ ఎత్తు సుమారు 35 మీటర్లు. నా లెక్కలో 55 సెంటీమీటర్లు. టీవీ స్టాండ్ పక్కన సరిపోయింది.

మొదటి వారం అంతా ఫెయిలే. ఆన్‌లైన్‌లో కొన్న చిన్న బేరింగులు చక్రాలుగా పెట్టిన బండి, లూప్ సగం ఎక్కి వెనక్కి జారేది. ఎత్తు తగ్గిస్తే అన్నీ తగ్గుతాయి గానీ ఘర్షణ అంతే లెక్కన తగ్గదు. ఎక్కువ గ్రీజు పెట్టా, ఇంకా మొరాయించింది. బాపు పేపరు పక్కన పెట్టి లేచాడు. బేరింగులన్నీ కిరోసిన్‌లో కడిగి, "కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు" అన్నాడు. బండి లూప్ దాటింది. కానీ లూప్‌లోకి వెళ్లే చోట టక్‌మని ఎగిరిపడేది.

నా లూప్ పక్కా గుండ్రం. కంపాస్‌తో గీసి మరీ వంచా. బాపు ఆ చోట వేలు పెట్టి, "స్టీరింగు ఎవడన్న ఒక్కసారే తిప్పుతడారా? మెల్లగ తిప్పాలె" అన్నాడు.

కోస్టర్ చరిత్రలో ఈ సంగతి తేలడానికి ఎనభై ఏళ్లు పట్టింది! 1895 లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అని గుండ్రటి లూప్ కోస్టర్ నడిపారు. ఎక్కినవాళ్ల మెడలు పట్టేసేవి. లెక్క సింపుల్: గుండ్రటి లూప్ పైభాగం దాటేంత వేగం ఉండాలంటే, అడుగున శరీరం మీద ఆరు రెట్ల బరువు పడుతుంది. 70 కిలోల మనిషి 420 కిలోలైనట్టు. 1976 లో కాలిఫోర్నియా మ్యాజిక్ మౌంటెన్‌లో వచ్చిన రివల్యూషన్‌కి జర్మనీ ఇంజినీర్ వెర్నర్ స్టెంగెల్ క్లోథాయిడ్ వంపు వాడాడు. తలకిందులుగా పెట్టిన నీటిబొట్టులా ఉంటుంది. అడుగున వంపు తక్కువ, పైకెళ్లేకొద్దీ ఎక్కువ. స్టీరింగ్‌ని ఒకే తీరుగా మెల్లగా తిప్పుకుంటూ పోతే బస్సు గీసే గీత అదే. రైలు పట్టాల మలుపుల్లోనూ ఇలాంటిదే వాడతారు. ఇంజినీరింగ్ నాలుగేళ్లు చదివింది నేను, చెప్పింది బాపు.

లూప్ మార్చాక బండి సాఫీగా వెళ్లింది. కానీ కళ్లు మూసి తెరిచేలోపు అయిపోయేది. "గింతేనా? గిందుకేనా గాళ్లు గట్ల అరిసింది?" అన్నాడు బాపు.

64 అందుకే. ఎత్తు 64 రెట్లు తగ్గితే వేగం, సమయం ఎనిమిదేసి రెట్లే తగ్గుతాయి. నా ఫోన్ సెకనుకి 240 ఫ్రేములు తీస్తుంది. దాన్ని 30 ఫ్రేముల్లో చూస్తే సరిగ్గా ఎనిమిది రెట్లు నెమ్మది. అంటే వీడియోలో బండి అసలు కోస్టర్ ఎంతసేపు తీసుకుంటుందో అంతసేపే తీసుకుంటుంది. ఇంకో విషయం, ఘర్షణ పక్కన పెడితే జీ ఫోర్స్ సైజుతో మారదు. బండిలో చీమ కూర్చున్నా దాని బరువూ అన్నే రెట్లు అవుతుంది.

కొత్త డిజైన్లు ఇదే స్కేల్లో పెట్టి చూస్తే మతిపోతుంది. న్యూజెర్సీలో 139 మీటర్లతో రికార్డు కొట్టి, 2025 ఫిబ్రవరిలో కూల్చేసిన కింగ్డా కా మా తలుపు కంటే కాస్త ఎత్తు. సౌదీలోని ఖిద్దియాలో కట్టిన ఫాల్కన్స్ ఫ్లైట్ ఎత్తు 195 మీటర్లు, వేగం గంటకి 250 కిలోమీటర్లు. నా స్కేల్లో మూడు మీటర్లు! సీలింగ్‌కి తగులుతుంది, ఓనర్ ఊరుకోడు.

కెమెరాని ట్రాక్ పక్కన ఆనించి తీసిన క్లిప్పు టీవీలో వేశా. బండి మెల్లగా అంచు దాకా వచ్చి, ఒక్కసారి ముందుకి వాలింది. బాపు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. లూప్ దాటేదాకా వదల్లేదు. మళ్లీ వెయ్యమన్నాడు. నాలుగోసారి చూశాక అడిగాడు.

"ఇది ముంగటికే పోయింది. ఆడ ఎనకకు గూడ ఒచ్చింది గదా?"

అవును, బూమరాంగ్ వెనక్కి కూడా వస్తుంది. దానికి అటువైపు ఇంకో కొండ కావాలి. అమ్మ హ్యాంగర్లు అయిపోయాయి. ఆదివారం ఇద్దరం హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి కిలో జీఐ తీగ తెచ్చాం.