కశ్మీర్ చలిలో నీటి పైపులు ఎందుకు పగులుతాయి?

కశ్మీర్‌లో ఏటా డిసెంబరు 21 నుంచి 40 రోజుల పాటు సాగే తీవ్రమైన చలిని ‘చిల్లై కలాన్’ అంటారు. 2024లో అది మొదలవుతుండగానే శ్రీనగర్‌లో ఉష్ణోగ్రత మైనస్ 8.5 డిగ్రీలకు పడిపోయింది. ఇలాంటి రాత్రుల్లో పైపుల్లో నీరు గడ్డకట్టి, తెల్లారేసరికి ఇళ్లలో నీటికి కటకట మొదలవుతుంది.

నీరు మంచుగా మారితే ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. అయితే పైపు చాలాసార్లు మంచు కట్టినచోటే పగలదు. మంచుగడ్డకూ, మూసిన కుళాయికీ మధ్య చిక్కిన నీటిలో ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్నచోట పగులుతుంది. మంచు కరిగి నీరు కారితే గానీ ఆ సంగతి బయటపడదు.

కుళాయిని సన్నని ధారగా వదిలితే ఒత్తిడి తగ్గుతుంది, కానీ నీరు వృథా అవుతుంది. అంతకంటే రాత్రి మెయిన్ వాల్వు కట్టేసి, కుళాయిలు తెరిచి పైపులు ఖాళీ చేయడం మేలు. బయటి పైపులకు ఫోమ్ చుట్టి, అది తడవకుండా చూడాలి. ఫోమ్ వేడి పుట్టించదు, చల్లబడటాన్ని ఆలస్యం చేస్తుందంతే. రోజుల తరబడి గడ్డకట్టే చలిలో పైపును నేలలో లోతుగా పాతడమే శాశ్వత రక్షణ.

గడ్డకట్టిన పైపును మంటతో వేడిచేయడం ప్రమాదకరం. కుళాయి తెరిచి ఉంచి, ఆ వైపు నుంచే వేడినీటిలో ముంచిన గుడ్డలు చుడుతూ నెమ్మదిగా కరిగించాలి.