అరకు లోయ భూమి ఎవరిది?



అరకు పేరు మీరు వినే ఉంటారు. తూర్పు కనుమల నడుమ ఉన్న లోయ అది. విశాఖపట్నంలో రైలెక్కితే, చీకటి సొరంగాలు దాటుకుంటూ కొండ మీదికి వెళ్తుంది. 2022 నుంచి ఈ లోయ అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది.

లోయలోనూ, చుట్టుపక్కల కొండల మీదా బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జాలు, గదబలు ఉంటారు. ఒక్కో తెగది ఒక్కో తీరు. కొందరు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. కొందరు ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. సంతలో మాత్రం అందరూ కలుస్తారు. పండగ వస్తే ఆడవాళ్ళు ఒకరి నడుం ఒకరు పట్టుకుని థింసా ఆడతారు.

వాళ్ళ బతుకంతా భూమి మీదే. పల్లంలో వరి పండుతుంది. మెట్టలో సామలు, చోళ్ళు పండుతాయి. చోళ్ళంటే రాగులే. కొండవాలున చెట్ల నీడలో కాఫీ పెరుగుతుంది. ఆ చెట్లకే మిరియాల తీగ పాకిస్తారు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేరేచోట పండిన కాఫీకి ఆ పేరు పెట్టి అమ్మకూడదు.

మంచి భూమి మీద అందరి కన్నూ పడుతుంది. వెనకటికి ఏం జరిగేది? షావుకారు అప్పు ఇచ్చేవాడు. కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాడు. అందులో ఏం రాశాడో వేసినవాళ్ళకు తెలిసేది కాదు. అప్పు తీరేది కాదు. భూమి పోయేది.

దీన్ని ఆపడానికి 1959లో ఒక చట్టం వచ్చింది. 1970లో దాన్ని ఇంకా గట్టి చేశారు. జనం దాన్ని 1/70 చట్టం అంటారు. షెడ్యూల్డ్ ప్రాంతంగా ప్రకటించిన ఊళ్ళలో ఇది నడుస్తుంది. అక్కడ గిరిజనుల భూమిని బయటివాళ్ళు కొనకూడదు. కౌలుకు కూడా తీసుకోకూడదు. అక్కడున్న గిరిజనేతరులు కూడా తమ భూమి అమ్మాలంటే గిరిజనులకే అమ్మాలి.

మరి ప్రభుత్వ భూమి సంగతేమిటి? బొర్రా గుహల దగ్గరి ఊళ్ళలో గనులు తవ్వడానికి కంపెనీలకు లీజులు ఇచ్చారు. గిరిజనులు ఒప్పుకోలేదు. సమత అనే సంస్థ వాళ్ళ తరఫున కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడిపోయారు. అయినా వదల్లేదు. 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర కంపెనీలకు లీజుకివ్వకూడదు అంది. చట్టం ప్రభుత్వానికీ వర్తిస్తుందన్నమాట!

చట్టం ఉంటే చాలా? చాలదు. గిరిజనుల పేరు రాయించి, వెనక నుంచి వేరేవాళ్ళు కొంటారు. దాన్నే బినామీ అంటారు. కాగితం చదవగలిగితేనే ఇలాంటి మోసం బయటపడుతుంది.

ఇది అరకు అక్కలకే కాదు, మనకూ పనికొచ్చే మాట. సంతకం పెట్టేముందు కాగితం చదవండి. సర్వే నంబరు చూడండి. ఎన్ని ఎకరాలు రాశారో చూడండి. తెలియకపోతే అడగండి.

మీ ఇంట్లో భూమి పట్టా ఎవరి పేర ఉంది? ఈ రోజే తీసి చదవండి.